అమృతం (ధారావాహిక)

అమృతం జెమినీ టీవీలో ప్రసారమైన ఒక తెలుగు హాస్య ధారావాహిక. జస్ట్ ఎల్లో సంస్థ తరఫున గుణ్ణం గంగరాజు దీనిని రూపొందించాడు. 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18 వరకు ప్రతి ఆదివారం రాత్రి ప్రసారమైంది. ఈ ఆరేళ్ళలో కథానాయకుని పాత్రను ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు నటులు పోషించారు. అయినా ధారావాహిక ఆదరణ కోల్పోకుండా కొనసాగడం దీని ప్రత్యేకత.

కథా నేపథ్యం

అమృతరావు, ఆంజనేయులు ప్రాణస్నేహితులు. ఇద్దరూ భార్యలతో కలిసి అప్పాజీ అనే యజమాని ఇంటిలో పక్కపక్క వాటాలలో అద్దెకుంటారు. ఇద్దరూ కలిసి అమృత విలాస్ అనే హోటలు నడుపుతారు. త్వరగా డబ్బు సంపాదించాలని అమృతం ఏదో ఒక ఉపాయం పన్నడం, ఆంజనేయులు వద్దంటూనే అందులో ఇరుక్కోవడం, చివరికి అది బెడిసికొట్టడం చాలా కథలకు మూలం. దాదాపు ప్రతి వారం కొత్త కథ ఉండటం వలన వెనుకటి భాగాలు చూడనివారు కూడా సులభంగా అనుసరించగలిగేవారు.

తొలినాళ్ళలో కొన్ని భాగాలకు చంద్రశేఖర్ యేలేటి దర్శకత్వం వహించాడు. తరువాత ఇతడు గంగరాజు నిర్మించిన ఐతే (2003) చిత్రంతో సినీ దర్శకుడయ్యాడు. ధారావాహిక శీర్షిక గీతాన్ని సిరివెన్నెల సీతారామశాస్త్రి రచించగా, కళ్యాణి మాలిక్ స్వరపరచాడు.

నటవర్గంలో మార్పులు

అమృతం పాత్రను మొదట శివాజీ రాజా పోషించాడు. అతని తరువాత నాలుగు స్తంభాలాట (1982) చిత్ర కథానాయకుడు నరేష్ ఆ పాత్రలో కనిపించాడు. చివరగా వచ్చిన హర్షవర్ధన్ ధారావాహిక ముగిసేవరకు కొనసాగాడు. ఇతడు తరువాత మనం (2014) చిత్రానికి సంభాషణలు వ్రాశాడు. అమృతం భార్య సంజీవని పాత్రను మొదట ఝాన్సీ, తరువాత ఇతర నటీమణులు ధరించారు.

మారని ముఖాలు కూడా ఉన్నాయి. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, హోటలులో పనిచేసే సర్వంగా వాసు ఇంటూరి ప్రేక్షకులకు చిరపరిచితులయ్యారు. కథానాయకుడు మారినా అతని మిత్రుడు, ఇల్లు, హోటలు, అద్దె బాకీ మారలేదు. కొత్త నటుడు ఆ పాత సంబంధాల మధ్యకే రావడంతో ప్రేక్షకులు అతనిని త్వరగా అమృతంగా స్వీకరించగలిగారు.

ఇతర దేశాలలో

అమెరికా టెలివిజన్‌లో ఇటువంటి మార్పులకు రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది, పాత్రను ఉంచి నటుని మార్చడం. ఏబీసీలో 1964 నుండి 1972 వరకు ప్రసారమైన బివిచ్డ్‌లో భర్త పాత్రధారి డిక్ యార్క్ వెన్నునొప్పి కారణంగా 1969లో వైదొలగగా, అదే పాత్రను డిక్ సార్జెంట్ ధరించాడు. రెండవది, పాత్రను పంపివేసి మరొక పాత్రను ప్రవేశపెట్టడం. ఎన్‌బీసీలో 1982 నుండి 1993 వరకు వచ్చిన చీర్స్ మొదటి ఐదేళ్ళు శామ్, డయాన్‌ల ప్రేమకథ చుట్టూ నడిచింది. డయాన్ పాత్రధారిణి షెల్లీ లాంగ్ 1987లో వైదొలగినపుడు ఆ పాత్రను వేరొకరికి ఇవ్వక, కర్‌స్టీ ఆలీతో రెబెకా అనే కొత్త పాత్రను తెచ్చారు. అమృతం మొదటి పద్ధతిని అనుసరించింది. ఈ ధారావాహిక పేరే కథానాయకుని పేరు కనుక ఆ పాత్రను తొలగించడం సాధ్యపడేది కాదు.

తరువాతి రూపాలు

2014లో గంగరాజు దర్శకత్వంలో అమృతం చందమామలో అనే చలనచిత్రం విడుదలైంది. అందులో అమృతంగా అవసరాల శ్రీనివాస్, ఆంజనేయులుగా హరీష్ నటించారు.

గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న మరణించాడు. విజయవాడకు చెందిన ఇతడు అహ నా పెళ్ళంట (1987)తో చలనచిత్రాలలో ప్రవేశించి ఎన్నో హాస్యపాత్రలు వేసినప్పటికీ, చాలామంది ప్రేక్షకులు అతనిని అంజిగానే గుర్తుంచుకున్నారు. 2020 మార్చి 25న, ఉగాది నాడు, జీ5లో అమృతం ద్వితీయం ప్రారంభమైనపుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించాడు. అమృతంగా హర్షవర్ధన్ తిరిగి వచ్చాడు. మొదటి ధారావాహికలో అమృతం మారుతూ అంజి స్థిరంగా ఉండగా, ద్వితీయంలో పాత అమృతం పక్కన కొత్త అంజి నిలిచాడు.

పాత భాగాలు యూట్యూబులో లభించడంతో, మొదటి ప్రసారం నాటికి పుట్టనివారు కూడా వీటిని చూడగలుగుతున్నారు.