కెమెరా నిలుచు తావు

చలనచిత్రమును చూచివచ్చిన పిదప మనము నటీనటులను గూర్చియు, పాటలను గూర్చియు ముచ్చటించుకొందుము. కెమెరా యెచ్చట నిలిచియుండెనని యడుగువారు మిక్కిలి యరుదు. కాని తెరపై నిద్దరు మనుష్యులు ఒకరినొకరు చూచుకొనుచున్నారా, పెడమొగము పెట్టియున్నారా యను సంగతిని తెలుపునది ఆ తావే.

సిరిసిల్లలో జన్మించిన వేణు ఎల్దండిగారు దర్శకత్వము వహింపగా 2023 మార్చి 3వ తేదీన విడుదలయైన ‘బలగం’ చిత్రమును సోదరీమణులలో పెక్కురు చూచియేయుందురు. కొమురయ్య మరణానంతరము పెట్టిన పిండమును కాకి ముట్టదు. పుట్టినింటికిని ఆడపడుచునకును నడుమ నేండ్ల తరబడి పెరిగిన యెడబాటు బయటపడును. ఇట్టి కథలో చూపు మాటకంటె ముఖ్యము.

ఇందుకొక నియమము గలదు. ఎదురెదురుగ నిలిచిన అన్నకును చెల్లెలికిని నడుమ నొక గీత యున్నట్లు భావింపుడు. కెమెరా యా గీతకు ఒక ప్రక్కననే యుండవలెను. అప్పుడు ఒకరు కుడివైపునకును, మరియొకరు ఎడమవైపునకును చూచుచున్నట్లు కన్పట్టుదురు. వారి ముఖములను వేరువేరుగ జూపినను ఎదురెదురుగ నున్నారనియే తోచును. గీతను దాటి రెండవ ప్రక్కనుండి తీసిన బొమ్మను దానికి జతపరచితిమా, ఇరువురును ఒకే దిక్కునకు చూచుచున్నట్లగును. కలిసిన మనసులు కూడ కలియనట్లే యుండును. మరియు నొకే మనిషిని వెంటవెంట రెండుమార్లు చూపునపుడు కెమెరాను ఇంచుమించు 30 డిగ్రీలైన ప్రక్కకు జరుపనిచో బొమ్మ యెగిరిపడినట్లు తోచును.

ఇక వస్తువుల పొందిక. చిత్రములను కథ వరుసప్రకారము తీయుట యరుదు. ఒక్క భోజనపు దృశ్యమే రెండు దినములు సాగవచ్చును. విస్తరిలోని యన్నము, దీపములోని చమురు, చేతి గాజులు, కొంగు మడత మొదలగునవి మారకుండ వ్రాసికొనుట కొకరుందురు. హాలీవుడ్డులో నీ పని చిరకాలము స్త్రీలదే. సిరిసిల్ల మగ్గముపై తెగిన పోగును అతుకు కానరాకుండ ముడివేయు నేర్పువంటిది యిది.

కెమెరా యిప్పుడు పట్టణములకే పరిమితము గాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో తీసిన ‘మై విలేజ్ షో’ చిత్రములవలన గంగవ్వగారు దేశాంతరములందలి తెలుగువారికి సైతము పరిచితురాలైనది. కోరుట్లలో జరుగు పెండ్లిలోనైనను చేత ఫోను లేనివారు అరుదు. అప్పగింతలవేళ తల్లీకూతుండ్ర నడుమ నా గీతను ముందే గుర్తించి యొక ప్రక్కననే నిలువుడు. మొదట మండపమంతయు గన్పించునట్లు తీసి, పిమ్మట ముఖములను సమీపించుడు. చిత్రములో దృశ్యమును మరల తీయవచ్చును. ఆ తల్లి కన్నీటిని మరల తీయలేము.