పెన్‌డ్రైవ్ లేకుండా లైనక్స్ దిగుతుందా?

మీకు తెలుసా? అప్పుడే పుట్టిన వర్చువల్ మెషిన్‌కు డిస్కు ఖాళీ. చేత్తో పెన్‌డ్రైవ్ గుచ్చుదామంటే ఒళ్లే లేదు! అయినా ఆన్ చేయగానే 0.0.0.0 అనే అడ్రస్‌ నుంచి 255.255.255.255కి కేకేస్తుంది: "నాకో ఐపీ ఇవ్వండి, ఏ ఫైలుతో బూట్ కావాలో చెప్పండి!" అడిగేవాడికి చిరునామా లేదు, అడిగేది మాత్రం ఊరందరినీ!

ఆ కేక పద్ధతి పేరు పీఎక్స్‌ఈ. ఇంటెల్ 1999లో ఇచ్చిన 2.1 వెర్షన్ ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది. రిటైర్మెంట్ ఊసే లేదు!

మరి ఫైలు మోసుకొచ్చే టీఎఫ్‌టీపీ సంగతి మీకు తెలుసా? 1981 నాటి ప్రమాణం. యూజర్‌నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. 512 బైట్ల పొట్లం ఒకటి పంపి, "అందింది" అని రశీదు వచ్చాకే రెండోది కదుపుతుంది. సరిగ్గా 60 ఎంబీ ఫైలుకు 1,22,880 పొట్లాలు. పైగా 'ఇక అయిపోయింది' అనడానికి చివర్లో ఖాళీ పొట్లం ఒకటి! ఇంతా చేసి, పొట్లాల నంబరు 65,535 దాటదు. అందుకే పొట్లం సైజైనా పెంచాలి, లెక్కైనా మళ్లీ సున్నా నుంచి మొదలెట్టాలి.

దీనికో పాత జబ్బు కూడా ఉండేది. ఒక్క రశీదు ఆలస్యమైతే చాలు, అక్కడి నుంచి ప్రతి పొట్లం రెండేసి సార్లు వెళ్లేది. ఇంజినీర్లు పెట్టిన పేరు 'మాంత్రికుడి శిష్యుడి జబ్బు'. 1989లో మందు రాశారు!

ఇంటిపేరు చెబితే ఊరు చెప్పేసే పెద్దవాళ్లలా, నెట్‌వర్క్ కార్డు నంబరు చూసి వర్చువల్ మెషిన్ ఏ సాఫ్ట్‌వేర్‌లో పుట్టిందో చెప్పొచ్చు. 52:54:00తో మొదలైతే చాలావరకు క్యూఈఎంయూ, 08:00:27 అయితే వర్చువల్‌బాక్స్.

ఆ క్యూఈఎంయూను మొదలుపెట్టిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2009లో π (పై) విలువను ఒక్క డెస్క్‌టాప్ పీసీ మీద 2.7 లక్షల కోట్ల అంకెల దాకా లెక్కగట్టాడు. మనం 3.14 దగ్గరే ఆగిపోయాం!

ఇక లైనక్స్ దగ్గరికొస్తే, సొంత డిస్ట్రోలు (లైనక్స్ రకాలు) చేసేవాళ్లలో చాలామందికి పునాది డెబియన్. ఉబుంటు పుట్టింది దాని నుంచే. డెబియన్ వెర్షన్ల పేర్లన్నీ 'టాయ్ స్టోరీ' పాత్రలవి. ఎప్పుడూ కుదురులేని వెర్షన్ పేరు సిడ్, సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు!

ఇన్‌స్టాలర్ అడిగే భాష, డిస్కు విభజన, పాస్‌వర్డ్, ప్యాకేజీలు... అన్నిటికీ ముందే జవాబులు రాసిచ్చే ఫైలుంది. రెడ్‌హ్యాట్ వాళ్లు కిక్‌స్టార్ట్ అంటారు, డెబియన్ వాళ్లు ప్రీసీడ్. పని పూర్తయ్యాక బూట్ వరుసలో నెట్‌వర్కే ముందుంటే? రీబూట్ అయి, మళ్లీ అదే ఇన్‌స్టాల్ చేసుకుంటుంది. మళ్లీ రీబూట్. మళ్లీ ఇన్‌స్టాల్. తెల్లారిపోతుంది!

చివరిది విండోస్ కథ, అయినా చెప్పకుండా ఉండలేను. 2014 మేలో అమెరికాలోని ఎమొరీ యూనివర్సిటీలో విండోస్ 7 ఎక్కించే ఆర్డరు పొరపాటున విండోస్ యంత్రాలన్నిటికీ వెళ్లింది. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, సర్వర్లు వరసగా తుడిచిపెట్టుకుపోయాయి. ఆపుదామని పరుగెత్తితే, ఆర్డరు వేసిన సర్వర్ కూడా తనను తాను తుడిచేసుకుంది!