పెద్దాసుపత్రికి చేరేలోగా

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బ్రతికించే వైద్యం రాయలసీమలో లేదనడం సరికాదు. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో నవజాత శిశువులకు ప్రత్యేక విభాగాలున్నాయి. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లు, పచ్చకామెర్లకు నీలి వెలుగు దీపాలు, ఊపిరి అందించే యంత్రాలు అక్కడ ఉంటాయి. 1800 గ్రాముల కన్నా తక్కువ బరువున్న బిడ్డనూ, 34 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డనూ ఇలాంటి విభాగంలో చేర్చాలన్నది ప్రభుత్వ నిబంధన. చిక్కంతా దూరంతోనే. ఆదోని నుండి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. ఇంకా అవతలి హొళగుంద వాళ్ళకైతే కర్నూలు కంటే పొరుగు రాష్ట్రంలోని బళ్ళారే దగ్గర!

ఆ దారిలో బిడ్డకు మొదటి శత్రువు చలి. మన ఎండల్లో చలేమిటని అనుకోవద్దు. ఒంట్లో కొవ్వు లేని పసిగుడ్డు, తడి ఆరకముందే, మే నెలలోనైనా చల్లబడిపోతుంది. చల్లబడితే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది. ఆసుపత్రి గుమ్మం చేరేసరికి సగం బలం పోయి ఉంటుంది.

దీనికి మందు తల్లి రొమ్మే. ఇంక్యుబేటర్లు చాలని కొలంబియాలోని బొగోటా నగరంలో 1978లో ఎడ్గార్ రే అనే వైద్యుడు బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా కట్టించాడు. మన దేశంతో సహా అయిదు దేశాల్లో జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఇలా హత్తుకుని ఉంచితే తక్కువ బరువు పిల్లల మరణాలు 25 శాతం తగ్గాయని తేలింది.

అంతకన్నా మేలు, ప్రమాదం కనబడగానే కాన్పుకు ముందే తల్లిని తరలించడం. 34 వారాల లోపు నొప్పులు మొదలైతే, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు తల్లికి డెక్సామెథసోన్ సూది వేస్తారు. పంపేముందు మొదటి మోతాదు ఏఎన్‌ఎం కూడా ఇవ్వవచ్చు. కానీ ఆదోని ప్రాంతపు గర్భిణులు ఎందరో మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి వెళ్తారు. వాళ్ళ నెలల లెక్క ఎవరి రిజిస్టరులో ఉంటుంది?

జబ్బుపడిన నవజాత శిశువుకు ప్రభుత్వాసుపత్రిలో చికిత్స, ప్రయాణం ఉచితమని 2011 నుండి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. అయినా చాలాసార్లు బిడ్డ అవ్వ ఒడిలో కర్నూలు వెళ్తుంది, తల్లి కాన్పు మంచం మీదే ఉండిపోతుంది. వైద్యులు వద్దనకపోతే ఆమెను కూడా అదే అంబులెన్సులో ఎక్కించమని అడగండి. అక్కడ బిడ్డకు కావలసిన పాలు ఆమె దగ్గరే ఉన్నాయి.