జానెడు తోలు, ఆరు మీటర్ల వారు

జానెడు వెడల్పున్న గుండ్రటి తోలు ముక్క ఉందనుకుందాం. అంచు దగ్గర మొదలుపెట్టి, అయిదు మిల్లీమీటర్ల వెడల్పున చుట్టూ కోసుకుంటూ మధ్యదాకా వస్తే ఎంత పొడవు వారు దిగుతుంది? 20 సెంటీమీటర్ల వ్యాసమున్న వృత్తం వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. దాన్ని అర సెంటీమీటరుతో భాగిస్తే 628. అంటే ఆరు మీటర్లకు పైనే. నడిమధ్యన కత్తి తిరగని బిళ్లంత ముక్క పోయినా, ఎక్కడా అతుకు లేని ఆరు మీటర్ల వారు చేతికొస్తుంది. అరకు లోయలో గిరిజనుల థింసా నృత్యం అడుగులకు తోడుగా మోగే తుడుము లాంటి వాద్యాల మీద మూత తోలును బిగించి పట్టుకునేవి ఇలాంటి వార్లే.

లెక్క తేలికే, కోత తేలిక కాదు. అయిదు మిల్లీమీటర్లు వెడల్పు, రెండు మిల్లీమీటర్లు మందం ఉన్న వారును తీసుకోండి. బాగా పదును చేసిన తోలు చదరపు మిల్లీమీటరుకు రెండు కిలోలకు అటూ ఇటూగా బరువు ఆపుతుంది. ఆ లెక్కన ఈ వారు ఇరవై కిలోల లాగుడు తట్టుకోవాలి. ఎక్కడో ఒక్కచోట కత్తి జారి వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు తగ్గిందంటే, అక్కడ పదహారు కిలోలకే తెగుతుంది. మిగతా ఆరు మీటర్లూ ఎంత బాగున్నా లాభం లేదు. వారు పనికి వచ్చిన యంత్రాలన్నిటి వెనకా ఉన్న చిక్కు ఇదే. త్వరగా కోయడం కాదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పున, ఒకే మందంలో కోయడం.

ఇది ఎందుకింత కష్టమో తెలియాలంటే తోలు లోపలికి వెళ్లాలి. చర్మానికి బలమిచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. మూడు పురులు పెనవేసిన తాడులా మూడు గొలుసులు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఉంటాయని 1954-55లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చూపించారు. ఆ అణువులు కట్టలుగా, కట్టలు పోగులుగా చేరి చర్మమంతా అల్లుకుంటాయి. అయితే ఆ అల్లిక అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వెన్ను పక్కన దట్టం, పొట్ట దగ్గర వదులు. వెన్ను భాగం వారు లాగితే నిలుస్తుంది, పొట్ట భాగం వారు సాగిపోతుంది. ఒకే చర్మంలో మందం కూడా చోటుచోటుకీ మారుతుంది. ఇనుప రేకునో గుడ్డనో కోసే యంత్రం చేసినవాడికి ఈ తలనొప్పి లేదు.

పచ్చి తోలుకు ఇంకో గుణం ఉంది. తడిపితే మెత్తబడి సాగుతుంది, ఆరితే బిగుసుకుంటుంది. తడి వారుతో వాద్యాన్ని కట్టి ఆరనిస్తే వారే మూతను గట్టిగా లాగి పట్టుకుంటుంది. మంచిదే. కానీ అరకు కొండల్లో వర్షాకాలం నెలల తరబడి గాలి నిండా తేమ. తోలు ఆ తేమను పీల్చుకుని వదులైపోతుంది, మోత పడిపోతుంది. అందుకే వాయించే ముందు మంట దగ్గర కాచడం. ఈ బిగువు సడలింపులతో పాటు కుళ్లే గుణం కూడా పచ్చి తోలుకు ఉంది కాబట్టి, గుర్రం మీద సరుకు కట్టే పట్టీకో చెప్పు వారుకో అది పనికిరాదు. అక్కడ పదును చేసిన తోలే కావాలి.

ఆ పదునుకు కావలసిన సరుకు ఈ కొండల్లోనే కాస్తుంది. కరక్కాయ. ఎండిన కాయ బరువులో సుమారు మూడో వంతు టానిన్లే. లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, ఉన్న చర్మంలోకి ఈ టానిన్లు దిగి, కొల్లాజెన్ పోగుల మధ్య నీరున్న చోట్లలో కూర్చుని, పోగును పోగుకు కలిపి పట్టుకుంటాయి. పచ్చి చర్మం అరవై డిగ్రీలు దాటిన నీటిలో ముడుచుకుపోతే, ఇలా పదునెక్కిన తోలు డెబ్బై అయిదు, ఎనభై దాకా నిలుస్తుంది. దక్షిణ భారతంలో తంగేడు చెక్కతో పదును చేసి, చివర్లో కరక్కాయ పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. తంగేడు ఒక్కటే వాడిన తోలు ఎండ తగిలితే ఎర్రబారుతుంది. కరక్కాయ దాన్ని ఆపి లేత పసుపు రంగు నిలబెడుతుంది. క్రోమియంతో చేసిన తోలు మెత్తగా, సాగేలా ఉంటుంది. చెట్టు సరుకుతో చేసింది గట్టిగా, నిండుగా ఉండి, కోసిన అంచు రుద్దితే నునుపు తేలుతుంది. వారుకు కావలసిన గుణాలు ఇవే.

అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఈ శాస్త్రానికే జీవితం ఇచ్చారు. 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థను పదమూడేళ్లు నడిపారు. ప్రయోగశాలలో తేలిన విషయం తోలు పనివాడి చేతికి చేరాలన్నది ఆయన పట్టుదల. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడు ఆయన్ని మన నుంచి తీసుకుపోయింది.

ఇక కోత. అన్నిటికన్నా పాత ఉపాయం బల్లకు కత్తిని నిలువుగా దిగ్గొట్టి, దాని పక్కన కావలసినంత ఎడంలో ఒక మేకు పాతడం. తోలు అంచును మేకుకు ఆనించి లాగుతూ పోతే, మేకుకూ కత్తికీ మధ్య ఎంత ఎడముంటే అంత వెడల్పు వారు దిగుతుంది. కంటి అంచనా పని మేకు చేస్తుంది. నా దృష్టిలో ఈ పనిలో అతి పెద్ద మెరుగుదల ఇదే. తర్వాత వచ్చినవన్నీ దీని మీద దిద్దుబాట్లు. అయినా ఇందులో ఒక లోపం మిగిలింది. లాగేది చెయ్యి. గట్టిగా లాగినప్పుడు తోలు సాగి సన్నబడిన స్థితిలో తెగుతుంది, వదిలాక కుదించుకుని వెడల్పవుతుంది. మెల్లగా లాగినచోట వెడల్పు ఇంకోలా వస్తుంది. లాగుడు మారినకొద్దీ వారు మారుతుంది.

దీనికి విరుగుడు రోలర్లు. రెండు రోలర్ల మధ్య తోలును నొక్కి పట్టి కత్తి వైపుకు నెడితే చెయ్యి లాగక్కర్లేదు. రోలర్లు పట్టు వదిలే చోటుకూ కత్తి అంచుకూ దూరం ఎంత తక్కువైతే అంత మంచిది, తోలు సాగడానికి చోటే ఉండదు. కత్తి కూడా నిలువు కత్తి కాకుండా గుండ్రటి చక్రమైంది. రెండు ఇరుసుల మీద చక్రపు కత్తులు వరుసగా ఎక్కించి, పై కత్తి అంచు కింది కత్తి అంచును రాసుకుంటూ తిరిగేలా అమరుస్తారు. కత్తుల మధ్య ఉండే వాషర్లు వెడల్పును నిర్ణయిస్తాయి. వెడల్పు మార్చాలంటే వాషర్లు మారిస్తే చాలు. ఒక్క తిప్పుడుకి పది వార్లు పక్కపక్కన బయటికొస్తాయి. ఒక షరతు మాత్రం ఉంది. ఈ యంత్రం తిన్నగానే కోస్తుంది. కాబట్టి తోలు మొదటి అంచు వెన్నుకు సమాంతరంగా ఉండేలా మనిషే కోసి ఇవ్వాలి. గుండ్రటి ముక్క నుంచి ఆరు మీటర్లు తీసే పని దీనితో కాదు.

వెడల్పు కుదిరాక మందం. మొదట్లో బిగించిన కత్తి కింద నుంచి వారును చేత్తో లాగేవారు. అడుగున రోలరు, పైన కత్తి, మధ్యలో మిగిలిన సందే మందం. ఇక్కడా లాగుడు సమస్యే. దాన్ని తీర్చింది 19వ శతాబ్దపు బ్యాండ్ కత్తి. రెండు పెద్ద చక్రాల మీద ఆగకుండా పరుగెత్తే ఉక్కు పట్టీ అది. దాని అంచును సానరాళ్లు పక్కనే ఉండి, పని నడుస్తుండగానే పదును పెడుతూ ఉంటాయి. కత్తి పక్కకు జారుతూ కోస్తుంది కాబట్టి తోలును ముందుకు నెట్టే బలం బాగా తగ్గుతుంది. పండును కత్తితో అదిమితే నలుగుతుంది, జార్చి కోస్తే తెగుతుంది. సూత్రం అదే. ఇలా మందాన్ని మిల్లీమీటరులో పదో వంతుదాకా పట్టుకోవచ్చు.

పాత రైసు మిల్లుల్లో ఇరుసు నుంచి ఇరుసుకు తిరిగిన తోలు పట్టాల్ని చూస్తే ఈ పదో వంతు ఎందుకో అర్థమవుతుంది. పోత ఇనుప కప్పీ మీద తోలు ఘర్షణ గుణకం 0.3 అనుకుని, పట్టా సగం చుట్టు తగిలి ఉందనుకుంటే, బిగువు వైపు లాగుడు వదులు వైపుకన్నా రెండున్నర రెట్లు ఉండొచ్చని ఆయిలర్ సూత్రం చెబుతుంది. అంతకు మించితే పట్టా జారుతుంది. మందం ఒకచోట ఎక్కువైతే ఆ చోటు కప్పీ మీదికి వచ్చిన ప్రతిసారీ వేగం మారి యంత్రం కుదుపుతుంది. పట్టా రెండు కొసల్నీ ఏటవాలుగా పలచన చేసి ఒకదాని మీద ఒకటి అతికేది కూడా అతుకు దగ్గర మందం పెరగకూడదనే.

ఆ పలచన చేసే యంత్రంలోది గంట ఆకారపు కత్తి. గంట మూతి అంచంతా పదును. అది గిరగిరా తిరుగుతుంటే కింద గరుకు రోలరు తోలును అందిస్తుంది, పైన పాదం నొక్కి పట్టి ఎంత లోతు కోయాలో చెబుతుంది. పాత నమూనాల్లో కత్తికీ రోలరుకూ ఒకటే మోటారు. ఒకదాని వేగం మారిస్తే రెండోదీ మారేది. వంపు తిరిగిన చోట తోలును నెమ్మదిగా పంపాలంటే కత్తి కూడా నెమ్మదించి తోలును చింపేది. రెండిటికీ వేర్వేరు మోటార్లు పెట్టాక కత్తి తన జోరులో తిరుగుతుంటే, తోలు ఎంత నెమ్మదిగానైనా నడవగలుగుతోంది. చిన్న మార్పే, కానీ నేర్చుకుంటున్న పిల్లవాడి చేతిలో పాడయ్యే తోలు ఎంతో తగ్గుతుంది.

ఈ యంత్రాలన్నిటినీ కొండ మీదికి మోయమని నేను అనను. బ్యాండ్ కత్తి బరువైన యంత్రం, దానికి నిలకడైన కరెంటు కావాలి. కానీ చక్రపు కత్తులు, రోలర్లు ఉన్న వారు కోత యంత్రాన్ని చేతి పిడితో తిప్పొచ్చు, బల్ల మీద బిగించొచ్చు. 1956 నుంచి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అడవి సరుకులతో పాటు కరక్కాయనూ కొంటుంది. ఆ కాయ కొండ దిగి, ఎక్కడో లందలో కరిగి, ఎక్కడో వారుగా తెగి, బెల్టుగానో చెప్పు పట్టీగానో మళ్లీ సంతకొస్తే, ఏరినవాళ్లకు దక్కేది కాయ ధర మాత్రమే. పదును చేసిన తోలు వెన్ను ముక్కను తెచ్చుకుని పాడేరులోనో అరకులోనో వార్లుగా కోస్తే విలువ పెరిగే మెట్టు ఒకటైనా కొండ మీద ఉంటుంది. ఇది చేయదగ్గ పని అని గట్టిగా నమ్ముతున్నాను.

అలా మొదలుపెట్టేవాళ్లు చూసుకోవలసిన సంగతి ఒకటుంది. వానల్లో తేమ పీల్చిన తోలును కోస్తే, వేసవిలో ఆరాక వారు సన్నబడుతుంది. కోతకు ముందు తోలును రెండు రోజులు గాలి ఆడే పొడి గదిలో పరిచి ఉంచాలి. మొదటి మూరెడు వారును కోశాక కొలిచి, వాషరు సరిచూసుకుని, అప్పుడు మిగతాది పెట్టాలి. చక్రపు కత్తుల అంచు మొద్దుబారితే తోలు తెగకముందే మడతపడుతుంది, వారు అంచున నూగు లేస్తుంది. ఆ నూగు కనిపించిన రోజునే కత్తులు విప్పి సాన పట్టాలి.