రెండు క్రెడిట్లు.. ఒక ఏడాది!

ఫలితాలు వచ్చిన రాత్రి క్లాస్ వాట్సాప్ గ్రూప్ ఎలా ఉంటుందో బీటెక్ విద్యార్థులకు కొత్తగా చెప్పక్కర్లేదు. వెబ్‌సైట్ ఓ పట్టాన తెరుచుకోదు. తెరుచుకున్నాక ఒకరు ‘ఆల్ పాస్’ అని పెడతారు. ఇంకొకరు ‘మ్యాథ్స్ పోయింది రా’ అంటారు. కిందే ఓదార్పు: ‘లైట్ తీస్కో మామా, సప్లీలో కొట్టేద్దాం’.

సబ్జెక్టు పోవడం పెద్ద తప్పేమీ కాదు. బాగా చదివేవాళ్లకూ ఒక్కోసారి పోతుంది. దాన్ని లైట్ తీసుకోవడంతోనే చిక్కంతా. నాలుగేళ్ల కోర్సు అయిదేళ్లకు సాగేది ఫైనలియర్‌లో కాదు.. ఫస్టియర్‌లో, ఇదిగో ఈ మాట దగ్గరే!

లెక్క సబ్జెక్టుల్లో కాదు

‘నాకు మూడు బ్యాక్‌లాగ్‌లే ఉన్నాయి’ అంటుంటారు చాలామంది. యూనివర్సిటీ చూసేది సబ్జెక్టుల సంఖ్య కాదు, క్రెడిట్లు. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 2022-23 బ్యాచ్ నుంచి అమల్లోకి వచ్చిన ఆర్-22 నిబంధనలనే తీసుకుందాం. పట్టా చేతికి రావాలంటే 160 క్రెడిట్లు కావాలి. అంటే ఏడాదికి 40. సెకండియర్‌లోకి వెళ్లాలంటే 40కి కనీసం 20 ఉండాలి. థర్డియర్‌కు 80కి 48, ఫైనలియర్‌కు 120కి 72 ఉండాలి.

తేడా గమనించారా? మొదటి గేటు దగ్గర సగం చాలు. రెండో గేటు దగ్గర 60 శాతం కావాలి. ఫస్టియర్‌లో 22 క్రెడిట్లతో గట్టెక్కిన విద్యార్థి ‘హమ్మయ్య’ అనుకుంటాడు. పాత సబ్జెక్టుల జోలికి వెళ్లడు. సెకండియర్‌లో 24 తెచ్చుకుంటాడు. మొత్తం 46. కావాల్సింది 48. ఆ రెండు క్రెడిట్లు సప్లీలోనూ రాకపోతే స్నేహితులు థర్డియర్‌కు వెళ్తారు, తను ఆగిపోతాడు. మళ్లీ చేరేది జూనియర్లతోనే.

పోయేది ఏడాది ఒక్కటే కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు ఆ అదనపు ఏడాది ఖర్చు ఇంటి మీద పడే ప్రమాదం ఉంది. క్యాంపస్ డ్రైవ్‌లకు వచ్చే కంపెనీల్లో చాలావరకు బ్యాక్‌లాగ్‌లు లేనివాళ్లనే పిలుస్తాయి. కోడింగ్ ఎంత బాగా వచ్చినా, ఆ గడి దాటకపోతే పరీక్ష హాల్లోకే వెళ్లలేరు.

హాజరు.. చేతిలో ఉన్న మార్కు

సబ్జెక్టు పోతే సప్లీ ఉంది. హాజరు పోతే సప్లీ లేదు. మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే, అనారోగ్యంలాంటి సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్ తెచ్చుకోవచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలే రాయనివ్వరు. మళ్లీ ఆ సెమిస్టర్ వచ్చేదాకా ఆగాల్సిందే.

సెమిస్టర్‌లో 90 పనిదినాలు ఉన్నాయనుకోండి. మీరు మానగలిగేది 22 రోజులు. పండక్కి ఊరెళ్లడం, ఇంట్లో పెళ్లి, నాలుగు రోజుల జ్వరం.. ఇవన్నీ ఇందులోంచే పోవాలి. మొదటి నెలలోనే బంక్‌లకు ఖర్చు పెట్టేస్తే చివర్లో నిజంగా జ్వరమొచ్చినప్పుడు ఏం చేస్తారు?

మిడ్స్‌లో అయిదు మార్కుల విలువ

ఆర్-22లో ఇంటర్నల్స్‌కు 40, సెమిస్టర్ ఎండ్ పరీక్షకు 60 మార్కులు. పాసవ్వాలంటే ఇంటర్నల్స్‌లో 14, ఎండ్ పరీక్షలో 21, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్స్‌లో 14తో సరిపెట్టుకుంటే ఎండ్ పరీక్షలో 26 తెచ్చుకోవాలి. అదే 19 ఉంటే 21 చాలు. అసైన్‌మెంట్ సమయానికి ఇచ్చి, మిడ్‌కు వారం ముందు నుంచి చదివితే ఈ అయిదు మార్కులు కష్టం కాదు. బోర్డర్‌లో ఉన్నవాళ్లకు పాస్‌కూ ఫెయిల్‌కూ మధ్య గీత ఇదే.

సప్లీకి ఒక పద్ధతి

సప్లీ సాధారణంగా మీ రెగ్యులర్ పరీక్షల రోజుల్లోనే వచ్చి పడుతుంది. అప్పుడు చూద్దాంలే అంటే రెండూ చెడతాయి. అందుకే ఫలితాలు వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి.

ముందు ఎక్కువ క్రెడిట్లున్న సబ్జెక్టు పట్టండి. ఫస్టియర్ మ్యాథ్స్‌కు 4 క్రెడిట్లు. పైగా అది పునాది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వదిలేసిన ఈసీఈ విద్యార్థికి ‘సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్’ కొరకరాని కొయ్యే. పాత అప్పు తీర్చకపోతే కొత్త అప్పు పుడుతుంది.

ప్రశ్నపత్రం చూడండి. పార్ట్-ఎలో ఒక్కో మార్కు ప్రశ్నలు పది. పార్ట్-బిలో యూనిట్‌కు ఒకటి చొప్పున అయిదు, ఒక్కోదానికి 10 మార్కులు, ప్రతిదానికీ ఛాయిస్ ఉంటుంది. సిలబస్ మొత్తం చూసి బెదిరిపోయేవాళ్లు ముందు మూడు యూనిట్లు గట్టిగా పట్టుకోండి. పాత ప్రశ్నపత్రాలు చేత్తో రాసి సాధన చేయండి. వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. పెన్ను పట్టుకున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చారా? మీకు రానిది సబ్జెక్టు కాకపోవచ్చు, దాన్ని ఇంగ్లిష్‌లో రాయడమే కావచ్చు. నిర్వచనాలు, స్టెప్పుల మధ్య వాక్యాలు రోజుకు ఒక పేజీ రాయండి. రాసింది లెక్చరర్‌కో, సీనియర్‌కో చూపించండి. అడిగితే నవ్వుతారేమో అనే మొహమాటం వల్ల పోయిన సబ్జెక్టులు ఎన్నో!

ఇంట్లో చెప్పండి

చాలామంది చేసే తప్పు ఇంకోటుంది. అమ్మానాన్నలకు ‘అన్నీ పాసే’ అని చెప్పేస్తారు. తర్వాత ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికే సగం శక్తి ఖర్చవుతుంది. ఒక సబ్జెక్టు పోయినప్పుడు చెబితే ఓ పూట తిట్లు. ఏడు పోయాక బయటపడితే ఇల్లంతా కుంగిపోతుంది. ‘ఇది పోయింది, ఫలానా నెలలో రాస్తున్నా’ అని తేదీతో సహా చెప్పండి. మనసు మరీ భారంగా ఉంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు.

ఈ ఆదివారం అరగంట చాలు

పైన చెప్పిన అంకెలు ఆర్-22వి. మీ బ్యాచ్, మీ కాలేజీ నిబంధనలు వేరుగా ఉండొచ్చు. అటానమస్ కాలేజీలకు సొంత రెగ్యులేషన్స్ ఉంటాయి. వాటిని డౌన్‌లోడ్ చేసుకుని హాజరు, ప్రమోషన్ పేజీలు చదవండి. తర్వాత ఒక తెల్ల కాగితం మీద మూడు అంకెలు వేయండి: ఇప్పటికి వచ్చిన క్రెడిట్లు, వచ్చే ఏడాదికి వెళ్లడానికి కావాల్సినవి, ఈ రోజుకు మీ హాజరు శాతం. ఆ కాగితాన్ని హాస్టల్ గోడకో, పుస్తకం అట్టకో అతికించండి.

మళ్లీ ఫలితాలు వచ్చిన రాత్రి ఎవరైనా ‘లైట్ తీస్కో మామా’ అంటే, ఒకసారి ఆ కాగితం వంక చూడండి.