పాత మిలిటరీ లారీ: పని బండా, చూపు బండా?

 

జనగామ చెలకలు కానివ్వండి, మహబూబాబాద్ మిరప తోటలు కానివ్వండి, భూపాలపల్లి అడవి అంచు పొలాలు కానివ్వండి, వాన కురిస్తే బండి దిగబడే దారులు మనకు కొత్త కాదు. నాలుగు చక్రాలూ లాగే మిలిటరీ బండి ఒకటుంటే బాగుండునని చాలామందికి అనిపిస్తుంది. సైన్యం వాడి వేలం వేసిన పాత బండ్లు చేతులు మారుతూ అమ్మకానికి వస్తుంటాయి. జర్మనీలోని మాన్ కంపెనీ నమూనాపై జబల్‌పూరులో 1959 మొదలు 1996 వరకు తయారైన శక్తిమాన్ లారీ వాటిలో పేరుమోసినది. నిస్సాన్ నమూనాపై అక్కడే తయారైన జోంగా జీపు మరొకటి. రెండూ గట్టి బండ్లే. అయితే పైకం చెల్లించక ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మీకు కావలసింది పని బండా, చూపు బండా?

2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన రెండు లేక నాలుగు చక్రాల సొంత బండిని 'వింటేజ్' బండిగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అయితే చాసిస్, బాడీ, ఇంజను మొదటి రూపంలోనే ఉండాలి. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు గాని, రోజువారీ పనికీ కిరాయికీ వాడరాదు. అంటే దానిమీద మిర్చి బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్టుకు పోవడం కుదరదు.

పని బండి కావాలంటే మామూలు రిజిస్ట్రేషన్ ఉండాలి. బాడీ మార్చే ముందు రవాణా కార్యాలయం అనుమతి పొందాలి. చాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితాలతో సరిపోల్చుకోండి. తుక్కు కింద అమ్మిన బండి, రంగు వేసినంత మాత్రాన రోడ్డు బండి కాదు.

ఇక మరమ్మతు సంగతి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజనుకు వెంటనే సెల్ఫు కొట్టకండి. తుప్పు పట్టిన రింగులు సిలిండరును గీరేస్తాయి. డీజిలుదైతే ఇంజెక్టర్లు, పెట్రోలుదైతే ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగా ఇంజనాయిలు పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేత్తో మెల్లగా తిప్పించాలి. పాత ఆయిలు పాలు కలిసిన టీలా ఉంటే అందులో నీళ్లు చేరినట్టే. ఇంధనం ట్యాంకు కారుతుంటే ఊళ్లో వెల్డింగు పెట్టించకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది.

బ్రేకుల రబ్బరు గొట్టాలు, వాషర్లు పైకి బాగానే కనిపించినా లోపల చివికి ఉంటాయి. అన్నీ కొత్తవి వేయించండి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

అన్నిటికన్నా ప్రమాదం రిమ్ముతో ఉంది. చాలా మిలిటరీ బండ్లకు రెండు ముక్కలు కలిపి బిగించిన రిమ్ములుంటాయి. గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పితే రిమ్ము తూటాలా ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. ముందు వాల్వు పిన్ను తీసి గాలంతా పోనివ్వాలి. ఆ తరువాతే పానా పట్టాలి. గాలి నింపేటప్పుడు చక్రానికి ఎదురుగా నిలబడరాదు.

మందు కొట్టడానికి నీళ్ల ట్యాంకు అమర్చుకుంటారా? లీటరు నీళ్లు కిలో బరువు. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. ట్యాంకును వీలైనంత కిందికి, వెనక ఇరుసుకు ముందుగా పెట్టి, చెక్కలకు కాక చాసిస్‌కే బిగించాలి. లోపల అడ్డు రేకులు వేయిస్తే మలుపుల్లో నీళ్లు ఒక్కసారిగా ఒక పక్కకు పోవు, బండి ఒరగదు. ముందు చక్రాల పట్టును విడదీసే లివరు ఉన్న బండిలో ఆ పట్టు బురదలోనే వాడండి. ఆరిన తారు రోడ్డుమీద విడదీయండి. లేకుంటే గేర్లమీద భారం పడుతుంది.

కాబట్టి వరస గుర్తుంచుకోండి. ముందు కాగితం, తరువాత చక్రం, బ్రేకు, ఆపైన ఇంజను. రంగు అన్నిటికన్నా చివర. ఈ వరస తప్పకపోతే పాత బండి మీ పొలం పనికి వస్తుంది. తప్పితే పొలం మీద అప్పే మిగులుతుంది.