పూతకాలం ఎరిగిన పెరడు

ఏ మొక్క ఏ సూచన అందుకుని పూస్తుందో తెలుసుకోవడం ఇంటి పూలతోటకు నీరు, ఎరువులకన్నా ముందు అవసరం

తెలుగువారి ఇళ్లలో ఉదయం పూజకు నందివర్ధనం, మందారం, సాయంత్రం జడకు మల్లె, కనకాంబరం, బతుకమ్మ పేర్చడానికీ సంక్రాంతి గుమ్మానికీ బంతి, చలికాలపు నోములకు చామంతి అన్నట్టుగా ఏడాది పొడుగునా ఆచారాలు పూల ఋతువులను అనుసరించే ఏర్పడ్డాయి. పెరళ్లు కుదించుకుపోయి డాబా మీది కుండీలకూ అపార్టుమెంటు బాల్కనీలకూ పరిమితమైన తరువాత కూడా ఆ మక్కువ తగ్గలేదు గాని, నర్సరీ నుంచి మొగ్గలతో వచ్చిన మొక్క మొదటి పూత ముగిశాక మళ్లీ మొగ్గ తొడగడం లేదన్న నిరాశ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అటువంటప్పుడు ఎరువు మీద ఎరువు వేసి, పూటపూటా నీరు పోయడం పరిపాటి. లోపం తరచుగా మరోచోట ఉంటుంది. ఆకులు పెంచే దశ నుంచి మొగ్గ తొడిగే దశకు మళ్లడానికి ఒక జాతికి కొత్త చిగురు కావాలి, మరొకదానికి పొడవైన రాత్రి కావాలి, వేరొకదానికి కొన్నాళ్ల నీటి ఎద్దడి, ఆపైన తడి కావాలి. ఆ అవసరాన్ని గుర్తించి వేళకు తీర్చడమే పూలపెంపకంలో ప్రధానమైన విద్య.

మల్లెకు విశ్రాంతి

గుండుమల్లె, బొండుమల్లె అనే పేర్లతో ప్రసిద్ధమైన మల్లె, శాస్త్రజ్ఞులు జాస్మినం సాంబాక్ అని పిలిచే జాతి, ముదురు కొమ్మల మీద కాక కొత్తగా వచ్చిన లేత రెమ్మల చివర్లలో మొగ్గ తొడుగుతుంది. కత్తెర తగలని పొద ఏటేటా గుబురుగా పెరుగుతూ కూడా పూలలో వెనుకబడటానికి కారణం ఇదే. మల్లె సాగుకు పేరుపొందిన మైలవరం వంటి ప్రాంతాల్లో చలికాలం మొదలవగానే నీరు ఆపి, మొక్కను కొన్నాళ్లు వాడబెట్టి, ఆకు రాలిన తరువాత కొమ్మలను నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో కత్తిరించి, ఆ పైన పశువుల ఎరువు వేసి తడి పెట్టడం ఆనవాయితీ. విశ్రాంతి పొందిన మొక్క దాచుకున్న శక్తినంతా ఒక్కసారిగా కొత్త రెమ్మల్లోకి పంపడం వల్ల మార్చి నాటికి మొగ్గలు నిండుగా కనిపిస్తాయి.

కుండీలోని మల్లెకూ ఇదే క్రమం వర్తిస్తుంది. అయితే కుండీమట్టి నేలకన్నా త్వరగా ఆరిపోతుంది కాబట్టి వేళ్లు ఎండిపోయేంత దాకా నీరు ఆపకూడదు; ఆకు కాస్త వడలగానే కొద్దిపాటి తడి ఇస్తూ రెండు మూడు వారాలు గడిపి, డిసెంబరు నెలాఖరులోగానో జనవరి మొదట్లోనో కత్తిరించడం క్షేమం. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలని చోట మల్లె తీగలా సాగుతుందే తప్ప పూతకు రాదు. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, చిన్న రంధ్రాలు కనిపిస్తే అది మొగ్గ తొలుచు పురుగు పని. అటువంటి మొగ్గలను ఏరి నాశనం చేయడం ఇంటి తోటకు చాలినంత చికిత్స.

చామంతికి చీకటి

చామంతి పూతను నిర్ణయించేది రాత్రి నిడివి. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు, వేసవిలో ఎంత పెరిగినా పూయని ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకట్లో ఉంచి పూయించి, పగటి, రాత్రి నిడివిని బట్టి మొక్కలు పూత కాలాన్ని నిర్ణయించుకుంటాయని నిరూపించారు. ఈ లక్షణానికి కాంతికాలావధి అని పేరు. పగలు కురచగా, రాత్రి దీర్ఘంగా ఉన్నప్పుడే పూసే మొక్కలను హ్రస్వదీప్తికాల మొక్కలు అంటారు. చామంతి ఆ కోవకు చెందినది కాబట్టి శరదృతువు దాటాక మొగ్గ తొడిగి, చలికాలమంతా పూస్తుంది.

ఆ దీర్ఘరాత్రి మధ్యలో వెలుతురు పడితే మొక్క దానిని రెండు చిన్న రాత్రులుగానే గ్రహిస్తుంది. వీధిదీపం కిందనో, రాత్రంతా వెలిగే బాల్కనీ బల్బు పక్కనో ఉన్న చామంతి ఏపుగా పెరిగి కూడా మొగ్గ వేయకపోవడానికి ఇదే కారణం కావచ్చు. కుండీని చీకటి మూలకు జరపడమే దానికి మందు. పూత ముగిశాక కాండాన్ని మొదలంటా కోస్తే అడుగునుంచి పిలకలు వస్తాయి. వాటిని వేళ్లతో సహా వేరుచేసి జూన్, జూలైలలో నాటాలి. నాటిన నెలకు తల తుంచడం తప్పనిసరి. కొనచిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ పక్కమొగ్గలను ఎదగనివ్వదు. అగ్రాధిక్యత అనే ఈ అదుపు కొన తుంచగానే తొలగిపోయి, పక్కరెమ్మలు విస్తరించి, ప్రతి రెమ్మా పూలు మోస్తుంది. మొగ్గలు ఏర్పడే వేళకు తుంచడం మానుకోవాలి.

బంతి, కనకాంబరం చెలిమి

మెక్సికో ప్రాంతం నుంచి వచ్చి తెలుగు పండుగల్లో విడదీయలేనంతగా కలిసిపోయిన బంతి, విత్తిన రెండు, రెండున్నర నెలలకు పూతకొస్తుంది కాబట్టి బతుకమ్మకు జూలైలోను, సంక్రాంతికి అక్టోబరులోను విత్తనం చల్లుకోవాలి. దీని వేళ్లలోని ఆల్ఫా టెర్థైనైల్ అనే పదార్థం నులిపురుగులను, అంటే మట్టిలో ఉండి వేళ్లను పట్టి పీడించే కంటికి కనిపించని పురుగులను, అణచివేస్తుంది.

ఆ నులిపురుగుల బెడద అధికంగా ఉండే మొక్క కనకాంబరం కావడం వల్ల, ముందు బంతి పెంచిన మట్టిలో కనకాంబరం నాటడం, లేదా రెండింటినీ పక్కపక్కన ఉంచడం ప్రయోజనకరం. చాలా పూలమొక్కలు సహించని పలుచని నీడను కనకాంబరం ఇష్టపడుతుంది. ఎండిన వెన్నులకు నీరు తగలగానే కాయలు పేలి విత్తనాలు దూరంగా పడి మొలుస్తాయి. ఢిల్లీ కనకాంబరం అనే రకానికి మాత్రం ఈ సౌకర్యం లేదు. సరి సంఖ్యలో ఉండవలసిన క్రోమోజోముల సముదాయాలు బేసిగా మూడు ఉన్న త్రయస్థితిక మొక్క కావడంతో అది విత్తనం కట్టదు. కొమ్మను నాటి వేరు పట్టించడమే మార్గం.

గులాబీ, మందారం

గులాబీ కూడా కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది కనుక, వానలు వెనుకబట్టిన అక్టోబరులో ఎండు, బలహీన కొమ్మలను తీసివేసి, ఆరోగ్యమైన కొమ్మను వెలుపలికి చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోస్తే, పొద మధ్యకు గాలి వెలుతురు ఆడి తెగుళ్లు తగ్గుతాయి. నర్సరీ గులాబీ చాలావరకు అంటుమొక్క, అంటే మొండిజాతి వేరుమొక్క మీద మేలిరకపు కన్నును అతికించినది. అతుకు కిందినుంచి వచ్చే చిగుళ్లను తీసివేయకపోతే వేరుమొక్కే బలపడి మేలిరకాన్ని మింగేస్తుంది. మందారానికి మొగ్గలు విచ్చుకోకముందే రాలుతున్నట్లయితే నీరు ఒకనాడు ఎక్కువ, ఒకనాడు లేకుండా పోవడం ఒక ముఖ్య కారణం. తెల్లని దూదిలా కొనలను పట్టే పిండినల్లిని నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

మట్టి, నీరు

కాలం కలిసిరావాలంటే వేరుకు ఊపిరి ఉండాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోకుండా పెంకు పెట్టి నింపితే నీరు నిలవదు. నల్లరేగడి పెరళ్లలో మొక్కలను గట్టు మీద నాటడం మంచిది. నత్రజని మితిమీరితే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. ఉప్పునీటి బోర్లున్న చోట లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం ఇనుపధాతు లోపానికి గుర్తు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద చల్లితే పచ్చదనం తిరిగివస్తుంది.

గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక నర్సరీలు తరతరాల నైపుణ్యంతో పెంచిన మొక్కలు నేడు సుదూర ప్రాంతాలకూ చేరుతున్నాయి. నర్సరీ మొక్కను ఇవ్వగలదు గాని, ఆ మొక్క నిలిచే డాబా మీద ఏ నెలలో ఏ మూలకు ఎండ వస్తుందో, ఏ రాత్రి ఏ దీపం వెలుగుతుందో ఇంటివారే కనిపెట్టాలి. కత్తిరించిన తేదీ, తుంచిన తేదీ, తొలి మొగ్గ కనిపించిన తేదీ ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, రెండు మూడేళ్లలో ఆ ఇంటికే ప్రత్యేకమైన పూలపంచాంగం తయారవుతుంది. పొరుగూరి తోటకు సరిపడే లెక్క ఈ డాబాకు సరిపడకపోవచ్చు కాబట్టి, ఆ పుస్తకాన్ని మించిన మార్గదర్శి ఆ తోటకు మరొకటి ఉండదు. పెద్దలు రాసినదాన్ని పిల్లలు కొనసాగించే ఇంట పూల కొరత రాదు.